వీధి వైపు కొస

మా ఆవిడ చేతిలోంచి దుప్పటి కొస జారింది. సంగతి అంతే. ఆ తర్వాత జరిగిందంతా ఆ కొస వెనకాల పడి మేం తిరిగిన తిరుగుడు.

మాది బట్టలుతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కొట్టు. వెనక గదిలో మిషన్లు, ముందు గదిలో ఇస్త్రీ బల్ల. బల్లకు ఒక పక్క గోడ, ఒక పక్క వీధి. షట్టరు ఎత్తితే వీధి మొత్తం లోపలికొచ్చి కూర్చుంటుంది. ఎదురు లాడ్జి దుప్పట్లన్నీ మాకే వస్తాయి. చొక్కాకి ఒక మనిషి చాలు. పెద్ద దుప్పటికి ఇద్దరు కావాలి. నేను ఈ చివర, ఆవిడ ఆ చివర, ఎదురెదురుగా నిలబడతాం. చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తాం. వీధి వైపు కొస తెచ్చి గోడ వైపు కొస మీద వేస్తాం. మళ్ళీ లాగుతాం. అప్పుడు ఆవిడ నడిచొచ్చి తన కొసలు నా చేతిలో పెడుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పని. నేను "వీధి" అంటే ఆవిడ వీధి వైపు చెయ్యి ఎత్తుతుంది. "గోడ" అంటే గోడ వైపుది. అంతకుమించి మాట అక్కర్లేదు.

ఆ రెండూ పోగా మిగిలిన మాటలన్నీ ఆవిడవే. వీధిలో ఆవిడను వార్తలమ్మ అంటారు. నన్నేమంటారో నాకు తెలియదు, పిలిచే అవసరం ఎవరికీ రాదు. బట్టలు తెచ్చినవాళ్ళు నన్ను దాటుకుని ఆవిడ దగ్గరికే వెళ్తారు. నాకు జ్వరమొస్తే మందుల షాపులో చెప్పేది కూడా ఆవిడే. "ఈయనకు ఒళ్ళు నొప్పులండీ, నోరు చేదు, కంటి మీద కునుకు లేదు" అంటుంది. నేను పక్కన నిలబడి, ఓహో, నా నోరు చేదుగా ఉందన్నమాట, అనుకుంటాను.

ఆ పొద్దున లాడ్జి మేనేజరు అల్లుడి కథ చెబుతోంది. ఆ అల్లుడు మామగారి స్కూటరు అడక్కుండా తీసుకెళ్ళి, పెట్రోలంతా ఊడ్చి, తెచ్చి గుమ్మంలో పెట్టాడట.

"పెట్టి ఏమన్నాడో తెలుసా? మామయ్యా, మీ బండి..."

తర్వాత మాట రాలేదు. నోట్లో తడిగుడ్డ కుక్కినట్టు ఏదో ముద్దగా వచ్చింది. వీధి వైపు కొస జారి నేల మీద పడింది.

నాకు ఒళ్ళు మండింది. ఉతికి ఆరేసిన దుప్పటి. "చూసుకోవద్దూ?" అన్నాను.

అప్పుడు మొహం చూశాను. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది, క్లిప్పు ఊడిన బట్ట తీగ మీద వేలాడినట్టు. ఆ పక్క చెయ్యి కూడా అంతే. దాన్ని ఆవిడ ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూస్తోంది.

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి పట్టుకున్నాను. స్టూలు మీద కూర్చోబెట్టాను. వెనక గదిలోకి వెళ్ళి తడి తువ్వాలు తెచ్చేసరికి మూతి తన చోటికి వచ్చేసింది. చెయ్యి కూడా లేచింది.

"కళ్ళు తిరిగాయి. అంతే," అంది. "ఆ దుప్పటి మళ్ళీ మిషన్లో వెయ్యండి. అలా గుడ్లప్పగించి చూస్తారేం?"

నేను ఫోను తీశాను. మా అమ్మాయి సిటీ బస్సు నడుపుతుంది. నేను ఫోన్ చెయ్యడం ఎప్పుడూ లేదు కాబట్టి మొదటి మోతకే ఎత్తింది.

"నాన్నా? ఎవరికేమైంది?"

"అమ్మకి. మూతి."

"మూతేంటి? వంకర పోయిందా? మాట తడబడిందా? నాన్నా, అవునో కాదో చెప్పు!"

"అవును."

"ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఇప్పుడే. అమ్మ ఏం చెప్పినా వినకు."

వినకుండా ఉండడం నాకు అలవాటే. తీసుకెళ్ళాను.

ఎమర్జెన్సీలో ఉన్నది కుర్ర డాక్టరు. మంచివాడే. "ఏమైందమ్మా?" అన్నాడు. చూసినవాణ్ణి నేను. అడిగింది ఆవిణ్ణి.

"ఏమీ కాలేదు బాబూ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇస్త్రీ పెట్టె దగ్గర వేడి. కళ్ళు తిరిగాయి. దుప్పటి మట్టయిందని ఈయన కంగారు పడిపోయాడు."

ఆ అబ్బాయి నవ్వాడు. ఆవిణ్ణి నవ్వమన్నాడు, చక్కగా నవ్వింది. చేతులు రెండూ ఎత్తమన్నాడు, ఎత్తింది. తన వేళ్ళు గట్టిగా నొక్కమన్నాడు. నొక్కితే "అమ్మో, వదలండి" అన్నాడు. బీపీ కాస్త ఎక్కువుంది అన్నాడు.

"మూతి..." అన్నాను.

"మూతికేమైంది పెద్దాయనా?"

"వంకర..."

"ఈయన మూతి ఎప్పుడూ అలాగే ఉంటుంది బాబూ," అంది మా ఆవిడ.

నర్సు పగలబడి నవ్వింది. నవ్వు తగ్గేసరికి డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. చేతిలో చీటీ పెట్టి పంపారు. కళ్ళు తిరిగాయంటే చెవి డాక్టరుకు చూపించాలట. కళ్ళకూ చెవికీ ఏం చుట్టరికమో నాకు తెలీదు. మూతికి మాత్రం వాటితో ఏ చుట్టరికమూ లేదని తెలుసు.

చెవి డాక్టరు రోజూ రాడు. ఆయన వచ్చే రోజు కోసం కాచుకుని, కొట్టు మూసుకుని, వరండాలో ఇనప కుర్చీల్లో కూర్చున్నాం. ఆవిడ అటూ ఇటూ ఉన్నవాళ్ళందరి రోగాలూ కనుక్కుంది. చెవి డాక్టరు ఆవిడ తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లైటు వేసి చూశాడు, గులిమి తీశాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు.

"హాయిగా ఉందండీ," అంది బయటికొస్తూ. "మీరు మనసులో తిట్టుకునేవి కూడా వినపడుతున్నాయి."

నేను చీటీలిచ్చే కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల కళ్ళజోడు పెట్టుకున్నావిడ ఉంది.

"నరాల డాక్టరు," అన్నాను.

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు."

"రాయకుండా ఎలా పంపిస్తాం? చూసిన డాక్టరు రాయాలి."

"చూసింది చెవి డాక్టరు."

"అయితే ఆయన చేతే రాయించండి."

వెనక్కి వెళ్ళాను. చెవి డాక్టరు గది తాళం వేసి ఉంది. మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చాను. కిటికీ కూడా మూసి ఉంది. భోజనాల వేళ. మా ఆవిడ కుర్చీలోంచి, "ఇంటికి పోదాం పదండి, లాడ్జివాళ్ళు మూటలు తెచ్చి ఉంటారు" అని కేకేసింది. ఆ వరండాలో నిలబడితే తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా అమ్మాయి వచ్చింది. చీటీ చూసింది.

"చెవి డాక్టరా? మూతి వంకర పోతే చెవిలో గులిమి తీయించుకొచ్చారా? అమ్మా, నీకు బుద్ధుందా? నాన్నా, నీకు నోరుందా?"

"మీ నాన్నకు నోరెక్కడిదే," అంది మా ఆవిడ.

"నువ్వాగమ్మా. నాన్నా, చూసింది నువ్వు. ఇంకెవరూ లేరక్కడ. నువ్వు చెప్పకపోతే ఏ డాక్టరుకీ తెలీదు. ఇది ఒకసారి వచ్చి పోతే ఊరికే పోయినట్టు కాదు. మా డిపోలో ఒకాయనకు ఇలాగే వచ్చి పోయింది. పది రోజులు తిరక్కుండా పడిపోయాడు. అర్థమవుతోందా?"

అర్థమైంది. అది అయిన రోజే అర్థమైంది. చెప్పడమే రాలేదు.

మర్నాడు అమ్మాయి తనే వెళ్ళి, ఎవరితో ఏం గొడవ పెట్టుకుందో గాని, నరాల డాక్టరుకు రాయించుకొచ్చింది. చూపించే రోజు దానికి డ్యూటీ ఉంది. "నువ్వే చెప్పాలి" అని వేలు చూపించి వెళ్ళింది. నేను ఇస్త్రీ చేస్తూ, ఎలా చెప్పాలో చొక్కాలకు చెప్పుకున్నాను. కొస జారింది. మూతి జారింది. చెయ్యి పడింది. మాట ముద్దయింది. కాలర్ దగ్గర మొదలుపెడితే చేతుల దగ్గరికొచ్చేసరికి అయిపోయేది.

నరాల డాక్టరు ఆడమనిషి. జుట్టు సగం నెరిసింది. తొందర లేదు.

"ఏమైంది?" అంది. మా ఆవిడ నోరు తెరిచింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "అది అయినప్పుడు చూసిందెవరు?"

ఇన్నాళ్ళకు ఒక్కరు అడిగారు ఆ మాట.

"నేను," అన్నాను.

"ఈయన చూశాడంటే అదో పెద్ద కథ డాక్టరమ్మా, అసలు ఆ రోజు నేను..."

"నువ్వు కాసేపు నోరు మూసుకో," అన్నాను.

మా ఆవిడ నా వంక చూసింది. ఆ మాట నేనెప్పుడూ అని ఎరగను. ఆవిడా విని ఎరగదు.

నేను లేచి నిలబడ్డాను. చొక్కాలకు చెప్పింది డాక్టరమ్మకు చెప్పాను. నాకు నా మాట మీద నమ్మకం లేక చేసి కూడా చూపించాను. కళ్ళ ముందు ఆవిడ మొహం ఎలా కనపడిందో అలాగే నా మూతి ఒక పక్కకి లాగాను. ఆ పక్క చెయ్యే వేలాడేశాను. "ఇలా" అన్నాను. మనసులో బల్ల ముందే నిలబడి ఉన్నాను, వీధి అటు, గోడ ఇటు.

"ఎడమ వైపు," అని డాక్టరమ్మ రాసుకుంది. "బాగా చెప్పారు. ఇది కళ్ళు తిరగడం కాదు. మెదడుకి రక్తం కాసేపు అందలేదు. ఈసారి వచ్చి పోయింది. దీని వెనకే పెద్దది రావచ్చు. అదే రోజు నా దగ్గరికి రావలసింది."

ఎవరికి చెబుతోంది ఆ మాట? వచ్చాం అదే రోజు. చెవికి పంపారు.

రక్తం గడ్డ కట్టకుండా మాత్రలు రాసింది. తలకి ఫొటో, మెడకి ఫొటో తీయించమంది. తలకి ఆ రోజే తీశారు. మెడకి తీసేవాడు సెలవు. మర్నాడు వెళ్తే మనిషి ఉన్నాడు, మిషను పాడైంది. ఆ మర్నాడు మిషనుంది, మనిషుంది, మా చీటీ లేదు. వాళ్ళే దాచి, వాళ్ళే వెతికి, వాళ్ళే నన్ను కసిరారు. చివరికి తీశారు.

ఈ రోజులన్నీ మా ఆవిడ నాతో మాట్లాడలేదు. నోరు మూసుకోమన్నాను కదా, మూసుకుంది. భోజనం వడ్డించి గిన్నె చప్పుడు చేసేది, అదే పిలుపు. కొట్లోకి వచ్చినవాళ్ళు బెంగపడిపోయారు. "వార్తలమ్మకు గొంతు పోయిందా?" అని నన్నడిగారు. నేను భుజాలెగరేశాను. లాడ్జి మేనేజరు అల్లుడు ఏమన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు.

ఫొటోలు పట్టుకుని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వాటిని వెలుతురుకి పెట్టి చూసింది.

"తలలో మచ్చ లేదు, మంచిది. మెడలో ఎడమ పక్క రక్తనాళం సన్నబడింది. లోపల పేరుకుంది."

మిషను గొట్టంలో నూలు పీచు పేరుకున్నట్టా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

"అయితే ఒకటి. మెడలో ఎడమ పక్క నాళం కుడి చేతిని చూసుకుంటుంది, కుడి పక్కది ఎడమ చేతిని. మీ ఆవిడకు పడింది ఎడమ చెయ్యి. కాబట్టి ఆ రోజు జరిగినదానికి ఈ నాళం కారణం కాదు. కుడి చెయ్యి పడి ఉంటే ఒక్క రోజు ఆగేదాన్ని కాదు, వెంటనే మెడ దగ్గర కోసి దాన్ని శుభ్రం చేయించేదాన్ని. ఇప్పుడు మాత్రలు చాలు. ఆరు నెలలకు మళ్ళీ రండి." మా ఆవిడ వైపు తిరిగింది. "ఎడమ చెయ్యే కదమ్మా?"

"నాకేం తెలుసు డాక్టరమ్మా," అంది మా ఆవిడ. "చూసింది ఆయన. ఆయన చెప్పారుగా."

అంత మర్యాదగా నా మాటకు విలువివ్వడం పెళ్ళయ్యాక అదే మొదలు. నాకు సంతోషమేసింది కూడా. అక్కడే అనుమానం రావలసింది. నేను మడిచిన చొక్కాకి నాలుగు వంకలు పెట్టే మనిషి, నేను నీళ్ళు తాగినా ఇలా కాదు అలా అనే మనిషి, ఒక్క మాట దిద్దకుండా కూర్చుందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

బయటికి రాగానే మాట్లాడ్డం మొదలుపెట్టింది. బస్సు స్టాపు దాకా, బస్సులో, దిగాక కూడా. ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంది. నేను గండం గడిచిందనుకున్నాను.

తర్వాత అమ్మాయికి సెలవు రోజు వచ్చింది. లాడ్జి నుంచి పెద్ద మూట వచ్చింది. "అమ్మా, నువ్వు స్టూలు మీద కూర్చుని వార్తలు చదువు, నేనూ నాన్నా మడత పెడతాం" అంది అమ్మాయి. నా చోటికి వచ్చి నిలబడింది.

"అది నా చోటు," అన్నాను.

"ఫ్యాను ఇక్కడుంది నాన్నా. నువ్వు అటెళ్ళు."

అటు వెళ్ళాను. మా ఆవిడ నిలబడే చోటు. నేనెప్పుడూ అక్కడ నిలబడలేదు. అక్కణ్ణుంచి చూస్తే కొట్టు ఇంకెవరి కొట్టో అన్నట్టుంది. మిషన్లు కనపడవు, నా వెనక గోడ మీద ఉండే గడియారం ఎదురుగా ఉంది. దుప్పటి కొసలు పట్టుకున్నాం. విదిలించాం.

"వీధి," అన్నాను అలవాటుగా. నా ఎడమ చెయ్యి లేచింది.

అమ్మాయి నవ్వింది. "నాన్నా, వీధి ఇటు! నువ్వు గోడ ఎత్తావు."

చూసుకున్నాను. నిజమే. వీధి నా కుడి పక్కకి వచ్చింది. వీధి వైపు కొస నా కుడి చేతిలో ఉంది.

ఆ కొసనే చూస్తూ నిలబడిపోయాను. ఆ రోజు నేల మీద పడింది ఇదే కొస. ఇక్కడ నిలబడ్డ మనిషి చేతిలోంచి.

దుప్పటి వదిలేశాను. నా కొసలు రెండూ నేల మీద పడ్డాయి. స్టూలు వైపు తిరిగాను. మా ఆవిడ వీధిలోకి చూస్తోంది. మాట్లాడ్డం లేదు.

"ఏ చెయ్యే?" అన్నాను.

"ఏది ఏ చెయ్యి?"

"ఆ రోజు పడింది."

"నాకేం గుర్తు? మీరేగా చెప్పారు డాక్టరమ్మకి."

"నేను తప్పు చెప్పాను."

"తప్పయితే అప్పుడే చూసుకోవలసింది."

"నీకు తెలుసు. నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరేగా నోరు మూసుకోమన్నారు. జన్మలో ఒక్క మాటన్నారు, కాదనడమెందుకని మూసుకున్నాను."

అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. దాని చేతిలో దుప్పటి దాని చేతిలోనే ఉంది. "అంటే పడింది కుడి చెయ్యా? అమ్మా! ఆ డాక్టరు, కుడి అయితే వెంటనే కొయ్యాలందని చెప్పావు కదా?"

"అందుకేగా," అంది మా ఆవిడ.

వెనక మిషను తిరుగుతోంది.

"మెడే అది. వేలు కాదు," అంది. "కత్తి కాస్త అటూ ఇటూ అయితే మా అమ్మలా మంచాన పడతాను. ఆవిడ నోరు తుడిచింది నేను. పక్క మార్చింది నేను. అన్నేళ్ళు ఒక వైపే పడి ఉంది. నన్నెవరు తుడుస్తారు? ఈయనా? ఇస్త్రీ పెట్టెతోనా?"

నాకు కోపమొచ్చింది. చెవి డాక్టరు మీద, కిటికీ మీద, నా మీద, అన్నిటి మీదా దాచుకున్నది ఒక్కసారే వచ్చింది.

"మీ అమ్మను ఎవరు కోశారే?"

ఆవిడ తల తిప్పింది.

"ఎవరూ కొయ్యలేదు. ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. పడిపోయేదాకా ఆవిడా ఏమంటూ ఉండేదో గుర్తుందా?"

గుర్తుంది. మొహం చూస్తే తెలుస్తోంది. కళ్ళు తిరిగాయే, అంతే, అనేది మా అత్తగారు. తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ పనిలో పడేది.

"ఒక్కణ్ణే దుప్పటి మడవలేను," అన్నాను.

"లాడ్జివాళ్ళ దుప్పట్ల కోసం నా మెడ కోయిస్తారా?" అంది. అంటూనే లేచింది. చెప్పులు వేసుకుంది. "షట్టరు దించండి. ఆ కింద పడ్డది మిషన్లో వేసి రండి ముందు. తండ్రీ కూతుళ్ళు చక్కగా నేల తుడిచారు దాంతో."

ఆటోలో అమ్మాయి డ్రైవరు పక్కన కూర్చుంది. నడిపింది అతనే గాని బ్రేకులన్నీ ఇదే వేసింది.

కిటికీలో ఆ కళ్ళజోడావిడే. చీటీ చూసింది. "ఆరు నెలలకు కదా రమ్మన్నారు?"

"తప్పు చెప్పాం. దిద్దాలి," అన్నాను.

"ముందు ఫోన్ చేసి అడిగి రావాలండీ. చీటీ కింద నంబరుంది."

అమ్మాయి అక్కడే నిలబడి ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఆవిడ బల్ల మీద ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఆవిడ దాని వంక చూడను కూడా చూడలేదు. "నేను మీతో మాట్లాడుతున్నాను కదండీ, ఫోనెలా ఎత్తను?" అంది.

నేను కిటికీ దగ్గర్నుంచి కదిలాను. వరండా చివర డాక్టరమ్మ గది. బయట బెంచీ నిండా మనుషులు. తలుపు దగ్గర కాపలా ఉన్నతను చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తు లేదు. కుడి అన్నాను, ఎడమ అన్నాను, దుప్పటి అన్నాను, గులిమి అన్నాను, మెడ ఫొటో అన్నాను. మూతి జారి ఎన్నాళ్ళయింది, ఎవరైనా ఒక్కరు నన్నడిగారా అన్నాను. బెంచీ మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. కాపలా అతను, "పెద్దాయనా, మీకే పక్షవాతం వచ్చేలా ఉంది, కూర్చోండి" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ. "ఏమిటిది?"

నేను మళ్ళీ నోరు తెరిచాను.

"మీరాగండి," అంది వెనక నుంచి మా ఆవిడ. నన్ను పక్కకి తోసి ముందుకొచ్చింది. "ఈయనకు చెప్పడం రాదు డాక్టరమ్మా. ఎదురుగా నిలబడి చూశాడు, చూసింది చూసినట్టే ఆడి చూపించాడు, అద్దంలో బొమ్మలాగ. పడింది ఇది." కుడి చెయ్యి ఎత్తింది. "మూతి కూడా ఇటే. మాట నోట్లోనే ముద్దయింది. నాకు తెలిసే ఊరుకున్నాను. మొన్న తల దువ్వుకుంటుంటే దువ్వెన కూడా జారింది. ఈ చేతిలోంచే. అది ఈయనకు కూడా తెలీదు."

నాకు తెలీదు.

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇవాళ ఇంటికి వెళ్ళకండి," అంది. లోపలికి తిరిగి మంచం చూడమని ఎవరికో చెప్పింది. కళ్ళజోడావిడ చీటీ తనే పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇంతకాలం ఆ పరుగు ఎక్కడ దాచుకుందో.

మర్నాడు ఆపరేషన్ అన్నారు. వార్డులో మంచం ఇచ్చారు. ఆవిడ దిండుకి ఆనుకుని పక్క మంచం ఆవిడకు మొత్తం కథ చెప్పింది. అందులో నేను కుడి ఎడమలు తెలియని మనిషిని. నా మీద అరిచి ఆస్పత్రికి లాక్కొచ్చింది ఆవిడే. నేను మధ్యలో ఏమీ అనలేదు. అంత బాగా చెబుతుంటే ఎందుకు. ఒక్కోసారి కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిస్తే దుప్పటి కింద పెట్టుకుంటోంది.

పొద్దున్నే నర్సు వచ్చింది. చేతిలో రంగు పెన్ను. కొయ్యాల్సిన పక్క మెడ మీద గుర్తు పెట్టాలట. కాగితంలో ఉన్నా మనుషుల్ని కూడా అడగాలట.

"ఏ పక్కమ్మా?"

మా ఆవిడ నా వంక చూసింది. "మీరు చెప్పండి," అంది. పెదవి చివర వణుకుతోంది. రెండు చివర్లూ సమానంగానే వణుకుతున్నాయి, అది చూసుకున్నాను.

నేను మంచం కాళ్ళ వైపు నిలబడి ఉన్నాను, ఆవిడకు ఎదురుగా. చెయ్యెత్తబోయి ఆగాను. మంచం చుట్టూ తిరిగి వచ్చాను. తల వైపు, ఆవిడ భుజం పక్కన, ఆవిడ ఎటు చూస్తోందో అటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నా మెడకి ఎడమ పక్క చెయ్యి పెట్టి చూపించాను.

"అక్కణ్ణుంచే చెప్పొచ్చు కదండీ, ఇంత తిరగడమెందుకు?" అంది నర్సు, ఆవిడ మెడ మీద గీత గీస్తూ.

"ఆయనకు అలా తిరిగొస్తేనే తెలుస్తుందిలే," అంది మా ఆవిడ. "నువ్వు సరిగ్గా గియ్యి."